వాపస్ వచ్చే తొవ్వ

మొన్న ఒక సాయంత్రం కోకాపేటలో ఆఫీసులు వదిలే వేళ. సన్నటి తుంపర. వైపర్ ఒకసారి తుడిస్తే ముందున్న బండ్లన్నీ స్పష్టంగా కనపడుతున్నాయి, మరుక్షణం మళ్ళీ ఎర్రటి మరకలైపోతున్నాయి. ఆ మరకల్లో ఒకటి నా కంటికి తేడాగా తగిలింది. ఒక పాత తెల్ల కారు. అది బ్రేకు వేసినప్పుడల్లా కుడివైపు దీపం భగ్గుమంటోంది, ఎడమవైపుది మాత్రం వెలగాల్సింది పోయి మసకబారుతోంది. పైగా దాని పక్కనున్న పసుపు ఇండికేటర్, దాన్నెవరూ పిలవకపోయినా, సన్నగా మినుకుమంటోంది. చూసేవాళ్ళకు అదొక పాత కారు, అంతే. నాకు మాత్రం కిటికీలన్నీ మూసి ఉన్నా ముక్కులోకి ఒక వాసన వచ్చింది. ఉప్పు కాగితంతో ఇనుమును గట్టిగా రుద్దితే వస్తుందే, ఆ వేడి వాసన. దాని వెనకే ఒక గొంతు: “ఏంది సేటు, మల్ల కొసరు ఏపిచ్చినవా?”

ఆ గొంతు నర్సింలన్నది. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. హైటెక్ సిటీ అంటే ఇంకా ఒక గుండ్రటి భవనం, దాని చుట్టూ బండరాళ్ళు, ఎర్రమట్టి మాత్రమే అయిన రోజుల్లో, మాదాపూర్‌లో ఒక పెద్ద బండకు ఆనించి వేసిన రేకుల షెడ్డులో ఆయన బండ్లకు వైరింగు పని చేసేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒక్క ఆదివారంలో నేర్చుకున్నాను. ఆ ఆదివారం దాకా నేను చాలా తెలివైనవాణ్ణి.

ఎంత తెలివైనవాణ్ణో కొంచెం చెప్పాలి. బెజవాడ వన్‌టౌన్‌లో మాది స్టీలు సామాన్ల దుకాణం. నేను నడక నేర్చింది గిన్నెల వరసల మధ్య, లెక్కలు నేర్చింది తక్కెడ ముందు. ఎదురుగా కూర్చున్న మనిషి “ఇంతకంటే కుదరదండి” అన్నప్పుడు అది నిజంగా కుదరకపోవడమా, ఇంకో రెండు మాటలు పడితే కుదరడమా అన్నది అతని చెప్పులు ఎటు తిరిగి ఉన్నాయో చూసి చెప్పేవాణ్ణి. బేరం తెగాక కొసరు పుచ్చుకోవడంలో నాకు నేనే సాటి. బిందె కొంటే చెంబు, చెంబు కొంటే గరిటె, గరిటె కొంటే కనీసం దాన్ని చుట్టడానికి ఇంకో కాగితం. మా దుకాణంలో గల్లాపెట్టె మీద ఒక బోర్డు ఉండేది: “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.” నా చిన్నప్పుడు చదివిన మొదటి పూర్తి వాక్యం అదే. నేనెప్పటికీ నమ్మే వాక్యం కూడా అదేనని అనుకునేవాణ్ణి.

తొంభై ఎనిమిదో, తొంభై తొమ్మిదో, హైదరాబాదులో కంప్యూటర్ ఆఫీసులు వస్తున్నాయని విని రైలెక్కాను. కంప్యూటర్లు నాకు రావు. కానీ అక్కడికి వచ్చే వందలమందికి ఊళ్ళోంచి అంతదూరం రావడానికి బండి కావాలి గదా అన్న సంగతి మాత్రం రైల్లో ఉండగానే తట్టింది. బస్సులు తక్కువ. ఆటోవాడు ఆ రాళ్ళదారి పేరు చెబితేనే మొహం తిప్పుకునేవాడు. వెతగ్గా వెతగ్గా ఒక కొత్త కంపెనీ తన ఉద్యోగుల కోసం వ్యాను కావాలంటోందని తెలిసింది. అక్కడి వ్యవహారాలు చూసే ఆఫీసరు కల్యాణి గారు రాజమండ్రి మనిషి. మాట మెత్తన, చూపు మాత్రం కాదు. “సోమవారం పదకొండు గంటలకి బండి తీసుకురండి ప్రసాద్ గారూ. అంతా బాగుంటే ఆ రోజే కాగితం మీద సంతకం. మీ తర్వాత పదకొండున్నరకి ఇంకొకరు వస్తున్నారు,” అన్నారు. ఆ చివరి మాట ఆవిడ నవ్వుతూ అన్నారు. నేను నవ్వలేకపోయాను. నా చేతిలో ఉన్నదంతా అప్పటికే ఒక పాత వ్యాను మీద పెట్టేశాను. ఈ ఒప్పందం రాకపోతే వ్యానుతో సహా బెజవాడ తిరిగి వెళ్ళి గిన్నెలు అమ్ముకోవడమే.

ఆ వ్యాను జీడిమెట్లలో ఒక మందుల కర్మాగారం వాళ్ళు వాడి వదిలేసింది. దాన్ని కొన్న బేరం గురించి నేను ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెబుతుంటాను, కనక ఇక్కడ వదిలేస్తున్నాను. రంగు వేయించడం గురించి మాత్రం చెప్పి తీరాలి. పెయింటరుతో రెండు కోట్ల రంగుకు, అంటే రెండు పూతలకు మాట్లాడుకున్నాను. రెండో కోటు ఆరుతుంటే నాలోని దుకాణదారుడు మేలుకున్నాడు. “మూడోది కొసరుకు వెయ్యవయ్యా,” అన్నాను. వాడు అరగంట గింజుకుని ఒప్పుకున్నాడు. నాకు అంతటితో తృప్తి లేదు. మొదటి రెండు కోట్లకూ వాడు వెనక లైట్ల చుట్టూ కాగితం అంటించి పని కానిచ్చాడు. మూడోదానికి నేనే దగ్గరుండి లైట్లు నాలుగూ ఊడదీయించి, వాటి కింద రేకుకు కూడా మందంగా పట్టించాను. “లోపల కూడా మెరవాలి,” అన్నాను. వాడు నావైపు చూసిన చూపులో ఏదో ఉంది. అది గౌరవం అనుకున్నాను.

శనివారం పొద్దున్నే తెల్లటి కొంగలా మెరిసిపోతున్న వ్యాను తీసుకుని మాదాపూర్ దారి చూసుకుందామని బయల్దేరాను. మబ్బు పట్టి ఉంది, లైట్లు వేసుకున్నాను. కొండను కోసి వేసిన ఇరుకు దారిలో ఒక గేదె అడ్డమొస్తే బ్రేకు తొక్కాను. వెనకనుంచి రాళ్ళ లారీ ఒకటి కీచుమని అరుస్తూ వచ్చి నా బంపరుకు జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగొచ్చాడు. “బ్రేకు ఏస్తే లైటు రావాలె గదా! నీది ఆరిపోతున్నది! సచ్చిపోదామనుకున్నవా, నన్ను సంపుదామనుకున్నవా?” అని నా కొత్త రంగు మీద దభీమని చరిచాడు. నిజం చెబితే, మొదట రంగు చెదిరిందేమోనని చూశాను. తర్వాతే లారీ ఎంత దగ్గర ఆగిందో చూశాను.

బల్బులు పోయి ఉంటాయనుకుని రాణిగంజ్ వెళ్ళి, దుకాణం నుంచి దుకాణానికి తిరిగి, గొప్పగా బేరమాడి డజను బల్బులు తెచ్చి అన్నీ మార్చాను. మార్పు లేదు. ఫ్యూజులు మార్చాను. లేదు. బ్రేకు తొక్కితే వెనక ఎర్ర దీపాలు నీరసించిపోతున్నాయి, పసుపువి మినుకుమంటున్నాయి. ఇండికేటర్ వేస్తే ఎర్రవి కూడా దానితోపాటు కన్నుకొడుతున్నాయి. నా బండి వెనక భాగానికి పిచ్చి పట్టినట్టుంది. ఒక మెకానిక్ చూసి వైరింగు మొత్తం మార్చాలన్నాడు, నాలుగు రోజులు పడుతుందన్నాడు. నా దగ్గర ఉన్నది ఒక ఆదివారం. చివరికి టీకొట్టు దగ్గర ఒకాయన, “బండ కింద నర్సింలు ఉంటడు, బస్సు డిపోల పని చేసి రిటైరైండు. లైట్ల సంగతి ఆయనకే ఎరుక. కని జర తిక్క మనిషి,” అన్నాడు.

ఆదివారం తొమ్మిదింటికి వెళ్ళేసరికి ఆయన షెడ్డు ముందు పీట వేసుకుని ఒక బ్యాటరీలో నీళ్ళు పోస్తున్నాడు. అరవైకి దగ్గర పడిన మనిషి. పొట్టిగా, బలంగా, చెవుల మీద తెల్లటి వెంట్రుకలు. కళ్ళద్దాల ఒక కాడకు వైరింగు టేపు చుట్టి ఉంది. షెడ్డు వెనక ఏనుగంత నల్లబండ, దాని నీడ షెడ్డు మీద. నేను నా కథంతా చెప్పాను. సోమవారం, పదకొండు గంటలు, కల్యాణి గారు, బండెక్కబోయే ఆడపిల్లలు, పదకొండున్నరకి ఇంకొకడు. ఆయన తల ఎత్తకుండా విని, “ఏ ఊరు మనది?” అన్నాడు.

“బెజవాడండి, నర్సింలు గారూ.”

“గారు గీరు వద్దు. అన్న అను.”

“అలాగేనండి, అన్నగారూ.”

ఆయన అప్పుడు తలెత్తి చూశాడు. “నీతోని కాదు తియ్,” అన్నాడు. నేను మజూరీ మాట ఎత్తాను. పని మొదలు కాకముందే రేటు తెంపుకోకపోతే మా వంశానికే మచ్చ. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “లైటు ఎలిగినంక మాట్లాడుదాం. కని ఒక్క మాట. నా కాడ పని చేపిచ్చుకునేటోడు కుర్చీల కూసోని చాయ్ తాగుడుండదు. బండి ఎవ్వనిదో వాడే కింద పండాలె. నేను చెప్త, నువ్వు చేస్తవ్. ఇష్టమైతే అంగీ ఇప్పు, లేకుంటే నాలుగు రోజులు చేసేటోని కాడికి పో.” నేను సోమవారం కోసం ఇస్త్రీ చేయించుకున్న చొక్కాను రిహార్సల్‌గా ఆ రోజే వేసుకుని వచ్చాను. విప్పి సీటు మీద పరిచాను.

ఏ బల్బూ ఊడదీయలేదు ఆయన. స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. వ్యానును వెనక్కి నడిపించి, దాని వెనక భాగం బండకు ఎదురుగా నీడలో నిలబెట్టించాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి తను వెనక నిలబడ్డాడు. “ఒక్కొక్కటే వెయ్. రెండు కలిపి వెయ్యకు.” పార్కింగ్ లైటు. “ఊఁ.” దాని మీద బ్రేకు. “ఊఁ.” బ్రేకు తీసి ఎడమ ఇండికేటర్. “ఊఁ.” ఒక్కో ఊఁ ఒక్కో రకంగా ఉంది. పావుగంట ఇదే పని. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇలాంటి పావుగంటలో మా నాన్న ఒక పెళ్ళి సామానంతా అమ్మేసేవాడు. “ఏమైనా తెలిసిందాండీ అన్నా?” అని కేకేశాను. “తెలిసింది. నువ్వు ఆగలేవని తెలిసింది,” అన్నాడు. “దిగు. లైట్లు, ఇండికేటర్ అట్లనే ఎలగనీ.”

అప్పుడు తీశాడు ఆయన తన ఆస్తి. పాత బస్సు బల్బు ఒకటి, దానికి రెండు వైర్లు. ఒక వైరు కొసకు పట్టుకునే క్లిప్పు, ఇంకోదానికి సూదిలా ముల్లు. అంతే. “గిది అబద్ధం చెప్పదు,” అని నా చేతికిచ్చాడు. నేను నేల మీద వెల్లకిలా పడుకున్నాను. ఎడమ లైటు బల్బు తీసి, క్లిప్పును పక్కనే నా మెరిసే తెల్లటి రేకుకు తగిలించి, ముల్లును హోల్డరు మధ్యలో ఉన్న బొడిపెకు ఆనించమన్నాడు. ఆనించాను. ఏమీ లేదు. “కరెంటే రావట్లేదండీ!” అని అరిచాను. “వైరింగు మొత్తం పోయినట్టుందండీ, ఆ మెకానిక్ చెప్పింది నిజమేనండీ!”

“ఒర్రకు,” అన్నాడు నర్సింలన్న. వంగి, క్లిప్పును నా రేకు మీదనుంచి తీసి, కింద ఛాసిస్‌కు ఉన్న ఒక జిడ్డు బోల్టుకు తగిలించాడు. “మల్ల పెట్టు.” పెట్టాను. బల్బు నా మొహం మీద భగ్గుమని వెలిగింది. నేను ఉలిక్కిపడి తల బంపరుకు కొట్టుకున్నాను. మళ్ళీ రేకు మీద క్లిప్పు పెట్టాను. ఆరింది. బోల్టుకు పెట్టాను. వెలిగింది. నొప్పి మర్చిపోయాను. చిన్నపిల్లాడికి కొత్త గిలక్కాయ దొరికినట్టు అటూ ఇటూ మారుస్తూనే ఉన్నాను.

“ఇందాక రాని కరెంటు ఇప్పుడెలా వచ్చిందండీ?”

“ఇందాక గూడ వచ్చింది. వాపస్ పోనీకె తొవ్వ లేకుండె.” ఆయన నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. “జర ఇను. బ్యాటరీల కెల్లి కరెంటు వైరుల వస్తది. బల్బుల కాలు పెడ్తది, ఎలుగిస్తది. తర్వాత ఏడికి పోవాలె? గీ ఇనుములకెల్లి బ్యాటరీకే వాపస్ పోవాలె. గదే ఎర్త్. వచ్చేటి తొవ్వ అందరు సూస్తరు. బల్బు మారుస్తరు, ఫ్యూజు మారుస్తరు, నువ్వు డజను తెచ్చినవ్. వాపస్ పోయే తొవ్వ ఎవ్వడు సూడడు. నీ బండిల అది బందైంది. ఇగ అదేం చేస్తది పాపం? పక్కింట్ల దూరుతది. ఇండికేటర్ల కెల్లి పోనీకె సూస్తది. అందుకే బ్రేకు తొక్కితే పచ్చలైటు గుడ్డిగ ఎలుగుతున్నది.”

వాపస్. ఆ మాట వినగానే నాకు గల్లాపెట్టె మీది బోర్డు గుర్తొచ్చింది. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. ఇరవై ఏడేళ్ళు నేను ఆ బోర్డు కింద బతికాను. పోయిన సరుకు పోయినట్టే, దాని మొహం మళ్ళీ చూడం. ఇక్కడ నేల మీద పడుకుని, వీపు కింద రాళ్ళు గుచ్చుకుంటుంటే, ఒక ముసలాయన చెబుతున్నాడు: తిరిగి వచ్చే దారి లేకపోతే అసలు బయల్దేరినదీ వెలగదని. పిచ్చి పట్టిందనుకున్న నా బండి ఒక్కసారిగా నాకు అర్థమైపోయింది. ఆయన పచ్చలైటన్న పసుపు ఇండికేటర్ ఎందుకు మినుకుమందో, ఎర్రది ఎందుకు కన్నుకొట్టిందో, అన్నీ ఒకదాని వెనక ఒకటి వాటి చోట్లో కుదిరాయి. గట్టిగా నవ్వొచ్చింది. చాలా పెద్ద బేరం తెగినప్పుడు కూడా నేను అలా నవ్వలేదు.

“బోల్టు ఇప్పు,” అన్నాడు. లైటును రేకుకు పట్టి ఉంచే బోల్టు అది. దాని కిందే ఎర్త్ వైరు కొస. విప్పితే వైరు కొసకు, రేకుకు మధ్య తెల్లటి రంగు పెచ్చులా లేచి వచ్చింది. ఆయన దాన్ని వేలి గోటితో పొరలు పొరలుగా విడదీశాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తాడు. “ఎన్ని కోట్లు ఏపిచ్చినవ్?”

“మాట్లాడుకున్నది రెండేనండి,” అన్నాను, కొంచెం గర్వంగానే. “మూడోది కొసరుకు వేయించాను. లైట్లు ఊడదీయించి మరీ.”

ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నవ్వి నవ్వి పీట దొరక్క నేల మీదే కూర్చుండిపోయాడు. “కొసరుకు! లైట్లు ఊడపీకిచ్చి! అరే సేటు, ముప్పై ఏండ్ల సర్వీసుల మస్తు లైట్లు చూసిన. జంగు పట్టి పోయినయి చూసిన, నీళ్ళు దూరి పోయినయి చూసిన, ఎలుకలు కొరికినయి చూసిన. ఫుకట్ల పోయిన లైటు గిదే చూసుడు!”

నాకు ఉక్రోషం రావాలి. కానీ నేనూ నవ్వాను. ఆ పెయింటరు చూపు గౌరవం కాదని అప్పుడు తెలిసింది. రంగు కింద ఇంకో సంగతి కూడా ఉంది. కర్మాగారంలో మందుల ఆవిరి తగిలి రేకంతా తుప్పు. ఆయన మాటలో జంగు. “గీ జంగు మీద నీ రంగు,” అని ఆయన ఒక ఉప్పు కాగితం చింపి నాకిచ్చాడు. “రుద్దు. తెల్లగ మెరిసేదాంక ఆపకు.”

రుద్దాను. మొదట రంగు పొడి రాలింది, తర్వాత ఎర్రటి తుప్పు, తర్వాత నల్లటిదేదో. చేతులు కాలుతున్నాయి, ఆ వేడి వాసన ముక్కుకు ఎక్కుతోంది. ఉన్నట్టుండి కింద నుంచి రూపాయి బిళ్ళంత ఇనుము కొత్త గిన్నె అడుగులా తళుక్కుమంది. నాకు తెలిసిన మెరుపు అది. పుట్టినప్పటినుంచి చూసిన మెరుపు. కానీ ఎప్పుడూ ఎవరో మెరిపించి పెట్టెలో పంపినదాన్ని అమ్మడమే గాని, నా చేత్తో నేను బయటికి తీసింది లేదు. బోల్టు బిగించి, పైన కాస్త గ్రీజు పూయించాడు.

మధ్యాహ్నం దాటింది. ఎడమవి రెండూ అయ్యాయి, కుడివి రెండూ ఉన్నాయి. నా చేతులకు బొబ్బలు లేచాయి. అప్పుడు నాలోని పాత తెలివి మళ్ళీ తల ఎత్తింది. “అన్నా, కుడివైపుకి బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగేసి మెలిపెట్టేద్దామండీ. రేపు పదకొండుకి పది నిమిషాలు వెలిగితే చాలు. సంతకం అయ్యాక తీరిగ్గా చేసుకోవచ్చు.”

ఆయన మొహంలో నవ్వు పోయింది. “రేపు పదకొండుకు నీ ఎనుక ఎవ్వరుంటరు?”

“కల్యాణి గారండి.”

“ఎల్లుండి?”

శనివారం లారీ నా కళ్ళముందుకు వచ్చింది. “ముంగటి లైటు నీ కోసం, నువ్వు చూసుకోనీకె,” అన్నాడు. “ఎనుక లైటు నీకు కనపడదు. అది ఎనుక వచ్చేటోని కోసం. వాని పేరు నీకు ఎరుక లేదు, వాడు నిన్ను మెచ్చుకోడు, నీకు సంతకం పెట్టడు. మెలిపెట్టిన వైరు ఏ గుంతల ఊడుతదో నీకు తెల్వనే తెల్వదు. బండిల ఆడపిల్లలు ఉంటరంటివి గద?” ఆయన లేచి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. కోపంతో వెళ్ళాడనుకున్నాను. ఇంకో ఉప్పు కాగితం తెచ్చి నా పక్కన పడేసి, తనూ ఒక ముక్క తీసుకుని వెల్లకిలా పడుకున్నాడు. మేమిద్దరం కలిసి కుడివైపు రుద్దాం.

అయిదింటికి నన్ను సీట్లోకి ఎక్కమన్నాడు. “లైట్లు వెయ్. బ్రేకు తొక్కు.” తొక్కాను. వెనకనుంచి చప్పుడు లేదు. “వెలిగాయాండీ?” జవాబు లేదు. “అన్నా! ఏమైందండీ?” ఊఁ కూడా లేదు. కాలు తీస్తే ఏమవుతుందోనని భయం, తొక్కే ఉంచాను. ఏదో ఒకటి కనపడకపోతుందా అని పక్క అద్దంలోకి చూశాను. బండ. ఆ ఏనుగంత నల్లబండ మీద, నీడలో, రెండు ఎర్రటి వెలుగులు పూసి ఉన్నాయి. కాలు తీశాను, తగ్గాయి. తొక్కాను, బండంతా ఎర్రబడింది. పచ్చలైటు తన పాటికి తాను నోరు మూసుకుని ఉంది. నేను హారన్ కొట్టాను, ఎందుకో తెలియదు. మళ్ళీ మళ్ళీ తొక్కాను. బండ వెలుగుతోంది, ఆరుతోంది. అద్దం మూలలో నర్సింలన్న చేతులు కట్టుకుని నిలబడి నన్నే చూస్తున్నాడు.

మజూరీ అడిగాను. చెప్పాడు. తీసి ఇచ్చాను. ఆయన కంగారు పడ్డాడు. “ఏంది, బేరం ఆడవా? పానం మంచిగున్నదా నీకు?” అన్నాడు. ఆయన మిగిలిన ఉప్పు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా జేబులో దోపాడు. “ఇంద. గిది కొసరు.”

సోమవారం కల్యాణి గారు సిమెంటు దుమ్ములో చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వచ్చారు. సీట్లు చూశారు, టైర్లు తన్ని చూశారు, మందుల పెట్టె తెరిచి దూది ఉందో లేదో చూశారు. తర్వాత వెనక్కి నడిచి, “బ్రేకు తొక్కండి ప్రసాద్ గారూ,” అన్నారు. తొక్కాను. అక్కడ బండ లేదు, అద్దంలో ఆవిడ మొహం ఒక్కటే ఉంది. “బాగున్నాయి,” అన్నారు. నా కాగితం తీసి చదివారు. పొద్దున ఎక్కడెక్కడ ఎక్కించుకుంటానో, ఎన్ని నిమిషాలకో, గీతలు కొట్టి మరీ రాశాను. ఆవిడ కాగితం తిరగేశారు. వెనక ఖాళీ. “మరి సాయంత్రం? దింపడం?”

సాయంత్రానికి నా వ్యానును నేను ఇంకో చోట మాట్లాడుకుని ఉన్నాను, ఒక ట్యూషన్ సెంటరుకు. ఒకే బండిని రెండు చోట్ల అమ్మానని రెండు రోజులుగా మురిసిపోతున్నాను. అడిగితే చెప్పడానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను: “సాయంత్రం బస్సులు దొరుకుతాయండి మేడమ్, ఇబ్బంది ఉండదు.” నోరు తెరిచాను. లోపలినుంచి ఆ మాట రాలేదు. అటుపక్కగా, రాత్రి డ్యూటీ దిగి, సంచులు భుజాన వేసుకుని, గేటు నీడలో నలుగురు అమ్మాయిలు ఏ బండి దొరుకుతుందా అని దారి వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. జేబులో ఉప్పు కాగితం తొడకు గీసుకుంది.

“వాపస్ కూడా నాదేనండి,” అన్నాను. “ఎక్కడ ఎక్కినవాళ్ళని అక్కడే దింపుతాను. చివరి మనిషి దిగేదాకా బండి నాది కాదు, మీది.”

కల్యాణి గారు నన్ను ఒక్క క్షణం చూసి, “రాసివ్వండి,” అన్నారు. ఆవిడ కలమే తీసుకుని, కాగితం వెనకవైపు, బానెట్ మీద పెట్టి రాశాను. పదకొండున్నరకి వచ్చినాయన గేటు దగ్గరే తిరిగి వెళ్ళాడు. ఆ వాపస్ మాట నా సొంతమన్నట్టే ఆ రోజు చెలామణీ చేసుకున్నాను. ఎవరిదో చెప్పలేదు. దుకాణం బుద్ధి ఎక్కడికి పోతుంది! ట్యూషన్ సెంటరు ఆయనకి కబురు పంపి మాటలు పడ్డాను. అవి కూడా పూర్తిగా నేనే పడ్డాను.

ఒక వ్యాను నాలుగయింది, నాలుగు ఇంకా పెరిగాయి. ప్రతి కొత్త బండినీ ముందు నర్సింలన్న బండ దగ్గరికి తోలేవాణ్ణి. ప్రతిసారీ ఆయన మొదటి ప్రశ్న అదే: “కొసరు ఏమన్న ఏపిచ్చినవా?” ప్రతిసారీ కింద పడుకునేది నేనే. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ షెడ్డు తీసేశారు, తర్వాత బండను కూడా పేల్చేశారు. ఆ రోజు నేను వెళ్ళి చూశాను. అంత బండా కంకరైపోయి లారీలకెక్కుతోంది. ఆయన నల్లగండ్ల అవతల కూతురింటి దగ్గర ఇంకో రేకు వేసుకుని, చూపు బాగా తగ్గేదాకా పని చేశాడు. చివరి రోజుల్లో లైటు వెలిగిందో లేదో నన్నడిగేవాడు. “ఎలిగిందా?” అనేవాడు. నేను “ఊఁ” అనేవాణ్ణి. “ఆ ఊఁ నాది,” అని నవ్వేవాడు. ఇప్పుడాయన లేడు. ఆ కొసరు కాగితం అరిగిపోయి చాలా ఏళ్ళయింది. దాని చోట్లో ఇంకోటి, అదయ్యాక ఇంకోటి. నా పర్సులో లైసెన్సు వెనక ఎప్పుడూ నాలుగు మడతల ఉప్పు కాగితం ఉంటుంది. మా ఆవిడ దాన్ని చూసినప్పుడల్లా దేవుడి పటం పెట్టుకోవచ్చుగా అంటుంది.

ఆ తెల్ల కారు నేను వెళ్ళాల్సిన భవనంలోకే తిరిగింది. కింద పార్కింగులో దాని పక్కనే ఆపాను. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతున్న ఒక అమ్మాయి దిగింది. లైటు సంగతి చెబితే, “తెలుసంకుల్, మూడుసార్లు చూపించా. బల్బు మార్చారు, మళ్ళీ మార్చారు. ఇప్పుడు లైటు మొత్తం మార్చాలంటున్నారు,” అంది విసుగ్గా.

“ఈ మధ్య ఆ వైపు రంగు గానీ వేయించావా అమ్మా?”

ఆమె ఆగిపోయింది. “సొట్ట పడితే వేయించా. మీకెలా తెలుసు?”

ఈ వయసులో, ఈ పొట్టతో, ఇస్త్రీ చొక్కాతో ఆ సిమెంటు నేల మీద చతికిలబడ్డాను. నా కారులో ఉండే పానాతో బోల్టు విప్పాను. ఉంది. తెల్లటి పెచ్చు, బంగారం దొరికినట్టు నా వేళ్ళ మధ్యకి వచ్చింది. పర్సులోంచి కాగితం తీసి రుద్దాను. వాసన వచ్చింది, మెరుపు వచ్చింది. బిగించాను.

“ఎక్కి బ్రేకు తొక్కమ్మా.”

ఆమె ఎక్కింది. తొక్కింది. కారు వెనక కొత్తగా సున్నం వేసిన లావుపాటి స్తంభం ఒకటుంది.

“వెలిగిందా అంకుల్?”

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

“అంకుల్? ఏమైంది?”

నోటి దాకా వచ్చిన మాటను పట్టుకుని ఆపాను. అది ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆయన ఆ రోజు బండ ముందు ఎంత నోరు బిగబట్టుకుని నిలబడ్డాడో తెలిసింది. పక్క అద్దంలో ఆమె కళ్ళు నా మొహం మీదనుంచి జారి, వెనక్కి వెళ్ళి, ఎర్రబడ్డ స్తంభం మీద ఆగాయి. ఒక క్షణం. తర్వాత ఆ పార్కింగంతా అదిరేలా హారన్ మోగింది.